బోరు నీళ్లలో ఫ్యాక్టరీ మురుగు కలిసిందా? నమూనా పట్టడం నుంచి ఫిర్యాదు దాకా

బోరు నీళ్లు పసుపు రంగులో వస్తున్నాయనో, బిందెలో నురగ కడుతోందనో, స్నానం చేస్తే ఒళ్లు దురద పెడుతోందనో కాలనీవాళ్లు ఒక వాటర్ బాటిల్ నింపుకుని ల్యాబుకు వెళ్తారు. వారం తర్వాత ఒక కాగితం చేతికొస్తుంది. దాన్ని పట్టుకుని హైదరాబాద్ సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఆఫీసుకు వెళ్తే మొదట అడిగేది ఒక్కటే: ఈ నీళ్లు ఎవరు పట్టారు, ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు? కాగితం మీద దానికి జవాబుండదు. ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ వ్యర్థ జలం నమూనా ఆ చట్టం కింద సాక్ష్యంగా నిలవాలంటే దాన్ని పీసీబీ అధికారులే పట్టాలి. యజమానికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, రెండు వైపులా సంతకాలు పెట్టాలి. మీరు పట్టే నమూనా ఆ పని చేయదు. అధికారులు వచ్చి ఆ పని చేయక తప్పని పరిస్థితి తెస్తుంది. అందుకని నీళ్లు పాడైపోయాయని చూపితే సరిపోదు. ఎక్కడి నుంచి పాడవుతున్నాయి, ఏ వేళకు వస్తే దొరుకుతుంది అన్నది చూపాలి. కింద చెప్పే పద్ధతంతా అందుకే.

ఎక్కడెక్కడ పట్టాలి

ఒక్క బోరు రిపోర్టుతో ఏమీ తేలదు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన కొంత లోతు వరకు మొరం, మెత్తబడిన రాయి ఉంటాయి, దాని కింద నీళ్లు రాతి పగుళ్ల వెంటే నడుస్తాయి. మురుగు కూడా అదే దారిన పోతుంది. అందుకే పక్కపక్క ఇళ్లలో ఒక బోరు కంపు కొడితే, వంద అడుగుల దూరంలోని ఇంకో బోరు శుభ్రంగా ఉండొచ్చు. ‘పక్కింటి బోరు బాగానే ఉందిగా’ అన్న మాటకు విలువ లేదు. మీ ఒక్క బోరు పాడైతే ఫ్యాక్టరీదే తప్పన్న మాటకూ విలువ లేదు.

కనీసం ఐదు చోట్ల పట్టండి. ఫ్యాక్టరీల వాడకు ఎగువన, అంటే నేల ఎత్తుగా ఉన్న వైపు ఒక బోరు. అనుమానం ఉన్న గోడకు దగ్గరలో ఒకటి. దిగువన పెరుగుతున్న దూరాల్లో, దాదాపు 200 మీటర్లు, 500 మీటర్లు, కిలోమీటరు దగ్గర మూడు. వాలు ఎటుందో తెలియకపోతే వాన నీళ్లు ఎటు పారతాయో, పాత కుంట ఎక్కడుండేదో ఊళ్లోని పెద్దవాళ్లను అడగండి. పటాన్‌చెరు వైపు అంతా నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి దిగుతుంది. ఒకవైపు లోహాలు కరిగే కొలిమి, ఇంకోవైపు రంగుల పరిశ్రమ ఉన్న వాడలో ఎగువ బోరు ఎంచుకునేటప్పుడు అది ఇంకో ఫ్యాక్టరీకి దిగువన పడకుండా చూసుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. దాంతో పోలిక మొత్తం పోతుంది.

ప్రతి బోరుకూ లోతు, కేసింగ్ (బోరు పైభాగంలో దింపిన పైపు) ఎన్ని అడుగులు, ఎప్పుడు వేశారు, రోజూ ఎన్ని గంటలు నడుస్తుంది, పది అడుగుల్లో సెప్టిక్ ట్యాంకు ఉందా అన్నవి రాసుకోండి. ఈ చివరి ప్రశ్న ఎందుకో రిపోర్టు చదివేటప్పుడు తెలుస్తుంది.

ఏడాదికి రెండుసార్లు పట్టడం మంచిది: మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక అక్టోబరు చివర్లోనో నవంబరులోనో ఇంకోసారి. ఎండాకాలంలో కాలుష్యం చిక్కబడుతుంది, వానల తర్వాత పలచబడుతుంది. వానల తర్వాత తగ్గకుండా ఇంకా పెరిగితే, వాడని బోరులోకి ఎవరో మురుగు దింపుతున్నారేమో, లేదా వాన నీళ్లతో కలిపి నాలాలోకి వదులుతున్నారేమో చూడాలి. రెండూ ఈ నగరం చుట్టూ జరిగే పనులే.

సీసాలు: ల్యాబు ఇచ్చినవే వాడాలి

మినరల్ వాటర్ సీసా, కూల్‌డ్రింక్ సీసా పనికిరావు. ఒక్కో పరీక్షకు ఒక్కో రకం సీసా కావాలి. ల్యాబు వాళ్లను ముందురోజే అడిగి తెచ్చుకోండి.

- సాధారణ లవణాలకు: రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపాలి. ఐస్‌లో పెట్టాలి. నైట్రేట్ పరీక్ష 48 గంటల్లో అయిపోవాలి.
- లోహాలకు: నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేసిచ్చిన 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా. దీన్ని తొలవకూడదు, పొంగనివ్వకూడదు. ఆసిడ్ లేకపోతే లోహాలు సీసా గోడకు అంటుకుంటాయి, రిపోర్టులో ఉన్నదానికంటే తక్కువ వస్తుంది.
- హెక్సావాలెంట్ క్రోమియంకు (క్రోమియంలో ఎక్కువ విషమైన రూపం): ఆసిడ్ లేని విడి సీసా. 24 గంటల్లో ల్యాబులో ఉండాలి.
- సీఓడీకి (నీటిలో సేంద్రియ పదార్థం ఎంతుందో చెప్పే కొలత): సల్ఫ్యూరిక్ ఆసిడ్ వేసిన సీసా. తొలవకూడదు.
- ద్రావకాలకు, అంటే టోలుయిన్, క్లోరోఫాం, డైక్లోరోమీథేన్, బెంజీన్‌లకు: 40 మిల్లీలీటర్ల గాజు వయల్స్, ఒక్కో చోటుకు రెండు. అంచు దాకా నింపి మూత బిగించి తలకిందులు చేయండి. గాలి బుడగ కనిపిస్తే ఆ నమూనా చెల్లదు. ద్రావకం ఆ బుడగలోకి ఎగిరిపోతుంది.
- నూనె, గ్రీజుకు: వెడల్పు మూతి గాజు సీసా. తొలవకూడదు.
- బ్యాక్టీరియాకు: స్టెరిలైజ్ చేసిన సీసా, ఐస్‌లో పెట్టి వీలైతే ఆరు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో ల్యాబుకు చేరాలి.

ఇవి కాక రెండు సీసాలు అదనంగా తీసుకెళ్లండి. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి మిగతావాటితో పాటే తిప్పండి. అందులో ఏమైనా కనిపిస్తే తప్పు మీ సీసాలోనో ల్యాబులోనో ఉన్నట్టు. రెండోదాంట్లో ఏదో ఒక బోరు నీళ్లే మళ్లీ పట్టి వేరే నంబరుతో ఇవ్వండి. రెండు ఫలితాలూ దగ్గరగా వస్తే ల్యాబును నమ్మొచ్చు. ఖర్చు కొంచెం పెరుగుతుంది. కానీ ఎదుటివాళ్ల లాయరు మొదట పట్టుకునేది ఇదే.

బోరు నడిపించడం

సంపు నుంచో, పైట్యాంకు నుంచో, వంటగది నల్లా నుంచో పట్టకండి. అక్కడ జలమండలి నీళ్లు కలిసి ఉంటాయి, ట్యాంకు అడుగున మడ్డి ఉంటుంది, ఇత్తడి నల్లాల నుంచి సీసం, జింక్ వస్తాయి. మోటరు డెలివరీ పైపు దగ్గర, ట్యాంకుకు ఎక్కకముందే పట్టాలి.

నిలవ నీళ్లు పోయి నేలలోని నీళ్లు రావాలి. లెక్క గుర్తుంచుకోవడం తేలిక: ఆరున్నర అంగుళాల బోరులో ఒక్కో అడుగు నీటికి దాదాపు ఆరున్నర లీటర్లు. 200 అడుగుల ఎత్తున నీళ్లు నిలిచి ఉంటే 1,300 లీటర్లు. నెలల తరబడి వాడని బోరైతే దానికి మూడింతలు, అంటే 3,900 లీటర్లు తోడాక పట్టాలి. నిమిషానికి 60 లీటర్లిచ్చే మోటరుకు గంటా ఐదు నిమిషాలు. రోజూ నడిచే బోరుకు అంతసేపు అక్కర్లేదు, పావుగంట చాలు. ఐతే గడియారాన్ని నమ్ముకోవద్దు. చేతి మీటరుతో ఐదు నిమిషాలకొకసారి విద్యుత్ వాహకత (ఈసీ) చూడండి. వరుసగా మూడు రీడింగులు ఐదు శాతం లోపు తేడాతో వస్తే అప్పుడు పట్టండి. మూడు రీడింగులూ, టైముతో సహా, కాగితం మీద ఉండాలి.

పెన్ను సైజు మీటరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. వెళ్లే ముందు ఈసీ 1,413 మైక్రోసీమెన్స్ అని ముందే తెలిసిన ద్రావణంలో ముంచి, మీటరు సరిగ్గా చూపుతోందో లేదో చూసుకోవాలి. ఈసీని 0.65తో గుణిస్తే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సుమారుగా వస్తుంది. ఈ మీటరు కరిగిన ఉప్పు ఎంతుందో మాత్రమే చెప్తుంది. సీసానికి తాగునీటి పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అంత సీసం ఉన్నా, దానికి పదింతలున్నా మీటరు ముల్లు కదలదు. టీడీఎస్ 300 వచ్చింది కాబట్టి నీళ్లు మంచివని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నీళ్లు పట్టేటప్పుడు జీపీఎస్, టైము పడే ఫొటో తీయండి. సీసా మీద చెరగని పెన్నుతో నంబరు, తేదీ, టైము రాయండి. ఒక తెల్లకాగితం మీద పంచనామాలాగా రాసి ఇంటివాళ్లతో, బయటి సాక్షులిద్దరితో సంతకం పెట్టించండి. ఐస్‌బాక్స్ మూతకు టేపు చుట్టి, టేపు మీద అడ్డంగా సంతకం చేయండి. ల్యాబు వాళ్లు తెరిచేటప్పుడు ఆ టేపుకు ఇంకో ఫొటో.

వాగు, నాలా, చెరువు

పారే నీటిలో మూడు చోట్ల: గొట్టం కలిసే చోటుకు వంద మీటర్ల ఎగువన, గొట్టం మూతి దగ్గర, వంద రెండొందల మీటర్ల దిగువన. మొదట దిగువన పట్టి పైకి వెళ్లండి, కాళ్లతో రేగిన బురద సీసాలోకి రాకుండా ఉంటుంది. సీసా మూతి ప్రవాహానికి ఎదురుగా, పైనుండే తెట్టు పడకుండా ఒక జానెడు లోతున ముంచాలి. ఒంటరిగా వెళ్లకండి. రబ్బరు తొడుగులు లేకుండా ఆ నీళ్లలో చేయి పెట్టకండి. మ్యాన్‌హోల్లోకి ఎట్టి పరిస్థితిలోనూ దిగొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే పడిపోతాడు.

చెరువులో చేపలు చచ్చి తేలిన రోజు ప్రతి గంటా విలువైనదే. కుళ్లిన చేప పరీక్షకు పనికిరాదు. కొన ఊపిరితో ఉన్నవాటిని ఐదారు పట్టి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఐస్‌లో పెట్టండి. అప్పుడే చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవాలి, అదీ తెల్లవారుజామున, ఎందుకంటే నాచు ఎక్కువున్న చెరువులో రాత్రంతా ఆక్సిజన్ తగ్గి తెల్లారేసరికి అట్టడుగుకు చేరుతుంది. మధ్యాహ్నం కొలిస్తే ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అసలు సంగతి దాగిపోతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాములకు దిగితే చేపలకు కష్టం. ఆక్సిజన్ సరిపడా ఉండీ చేపలు చస్తే విషం వైపు చూడాలి. మత్స్యశాఖకు, పీసీబీకి ఒకేసారి రాతపూర్వకంగా చెప్పండి. చేపపిల్లలు వదిలిన మత్స్యకార సంఘం దగ్గర రశీదులుంటాయి. నష్టపరిహారానికి అవే ఆధారం.

రిపోర్టు చదవడం

ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఏ పరీక్షకుందో అడగండి. గుర్తింపు పత్రంతో పాటు ‘స్కోప్’ అనే జాబితా ఉంటుంది. అందులో నీరు, సీసం, క్రోమియం అని విడివిడిగా రాసి ఉండాలి.

‘బీడీఎల్’ అన్న మాట దగ్గర ఆగండి. కొలవగలిగిన హద్దు కంటే తక్కువ ఉందని దాని అర్థం, లేదని కాదు. సీసానికి పరిమితి 0.01 అయితే, ఆ ల్యాబు యంత్రం 0.05 కంటే తక్కువ చూడలేకపోతే, బీడీఎల్ అని రాసిన కాగితానికి ఏ విలువా లేదు. నమూనా ఇచ్చేముందే ఒక్కో లోహానికి హద్దు ఎంతో అడిగి, అది ఐఎస్ 10500 (తాగునీటి భారతీయ ప్రమాణం) పరిమితి కంటే తక్కువుందో లేదో చూసుకోండి. ఆ ప్రమాణంలో క్యాడ్మియం 0.003, క్రోమియం 0.05, నికెల్ 0.02, పాదరసం లీటరుకు 0.001 మిల్లీగ్రాములు. నైట్రేట్ 45. టీడీఎస్ 500, వేరే నీటి వనరు లేకపోతే 2,000 వరకు. పీహెచ్ 6.5 నుంచి 8.5.

రిపోర్టు సరిగ్గా చేశారో లేదో ఇంట్లోనే చూడొచ్చు. టీడీఎస్‌ను ఈసీతో భాగిస్తే 0.55కూ 0.75కూ మధ్య రావాలి. 0.4 వచ్చినా 0.9 వచ్చినా ఎక్కడో తప్పుంది, మళ్లీ చేయమనండి.

ఇక అసలు విషయం, ఇది ఎవరి కాలుష్యం? అంకెలు మూడు రకాల ముఖాలతో కనిపిస్తాయి.

ఫ్లోరైడ్ ఎక్కువ, నీళ్లు గట్టివి, ఎగువ బోరులోనూ అంతే ఉంది: అది రాతి గుణం. తెలంగాణ గ్రానైట్‌లో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీ మీద వేస్తే మీ ఫిర్యాదులో నిజమైన భాగం కూడా కొట్టుకుపోతుంది.

నైట్రేట్ 45 దాటింది, ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) ఉంది, క్లోరైడ్ కాస్త పెరిగింది, సీఓడీ తక్కువ: అది సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ. హైదరాబాద్‌లో ఎక్కువ బోర్ల జబ్బు ఇదే. ఇందుకు వెళ్లాల్సింది మున్సిపాలిటీకి, జలమండలికి (155313), పీసీబీకి కాదు.

టీడీఎస్, సోడియం, క్లోరైడ్, సల్ఫేట్ కలిసి ఎగబాకాయి, దాంతో పాటు సీఓడీ ఉంది, గోడ దగ్గర అన్నింటికంటే ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తగ్గింది, ఎగువన లేదు: ఇది పారిశ్రామిక మురుగు ముఖం. మంచి బోరు నీటిలో సీఓడీ పదికి అటూఇటూ ఉండాలి. యాభై అరవై వస్తే ఆ సేంద్రియ పదార్థం ఎక్కడిదో అడగాల్సిందే. ఒక జాగ్రత్త: క్లోరైడ్ 2,000 దాటితే అదే సీఓడీని దొంగగా పెంచి చూపుతుంది, కాబట్టి ఆ రెండంకెలూ కలిపి చదవాలి. నాలా నీటిలో ఐతే సీఓడీని బీఓడీతో (సూక్ష్మజీవులు తినగల సేంద్రియ పదార్థం కొలతతో) భాగించండి. ఇళ్ల మురుగులో రెండు, రెండున్నర వస్తుంది. మందుల ఫ్యాక్టరీ మురుగులో సూక్ష్మజీవులు తినలేని పదార్థం ఎక్కువ, అందుకే ఐదు, పది కూడా వస్తుంది. నాలాలో ఉన్నది బస్తీ నీళ్లే అని చెప్పేవాళ్లకు ఈ ఒక్క నిష్పత్తి చాలు.

నీళ్లలో పసుపు ఛాయ కనిపిస్తే హెక్సావాలెంట్ క్రోమియం చేయించండి. ప్లేటింగ్ యూనిట్లు, తోళ్ల పని ఉన్న చోట ఇది ముందు గుర్తుకు రావాలి. కంటికి రంగు తెలిసేసరికే పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. నీళ్లు మామూలుగా కనిపిస్తున్నా నేలను మరవకండి: కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం లాంటి లోహాలు పేరుకున్నట్టు ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అలాంటి చోట పిల్లలు ఆడే జాగాలో పైపొర ఐదు సెంటీమీటర్ల మట్టి విడిగా పరీక్షకు ఇవ్వాలి.

యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. 2007లో వచ్చిన స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఇంత తెలిసినా మన దేశంలో ఫ్యాక్టరీ నీటికి యాంటీబయాటిక్ పరిమితి లేదు. 2020 ముసాయిదాలో పెట్టారు, 2021 తుది నోటిఫికేషన్‌లో తీసేశారు. ఇది అన్యాయమే. కానీ పరిమితి లేని అంకెతో ఫిర్యాదు నిలవదు, పరీక్షకు ఖర్చూ ఎక్కువ. డబ్బులు తక్కువుంటే ముందు లవణాలు, సీఓడీ, లోహాలు, ద్రావకాలు చేయించండి.

ఫలితం వచ్చేదాకా ఆ బోరు నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. కాచితే లోహాలు పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. ద్రావకాలైతే ఆవిరితో పాటు లేచి వంటింటి గాలిలో కలుస్తాయి. ఆర్‌వో ఉప్పును, చాలా లోహాలను ఆపుతుంది, చిన్న అణువుల ద్రావకాలను పూర్తిగా ఆపదు. వాటిని పట్టేది కార్బన్ ఫిల్టర్, అదీ నిండిపోయేదాకానే. నిండిన సంగతి బయటికి కనిపించదు.

ట్యాంకర్ల లెక్క

నీళ్ల పరీక్షకంటే చవకైన, ఒక్కోసారి దానికంటే బలమైన ఆధారం ఇది. మురుగు వదిలే ఫ్యాక్టరీకి పీసీబీ ఇచ్చే నిర్వహణ అనుమతి (సీఎఫ్‌ఓ) ఉంటుంది. అందులో ఏ ఉత్పత్తి ఎంత, రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీళ్లు వాడతారు, ఎంత మురుగు వస్తుంది, అది ఎక్కడికి పోవాలి అన్నీ రాసి ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. అడగాల్సినవి: సీఎఫ్‌ఓ నకలు షరతులతో సహా, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, నమూనాల ఫలితాలు, ఇచ్చిన నోటీసులు, ఏటా సెప్టెంబరు 30 లోపు సమర్పించే ఫారం 5 (పర్యావరణ నివేదిక), ప్రమాదకర వ్యర్థాల రవాణా పత్రాలు. ‘కాలుష్యం వివరాలు ఇవ్వండి’ అని ఒక్క ముక్క రాస్తే ఒక్క ముక్క జవాబే వస్తుంది.

అనుమతిలో రోజుకు 50 కిలోలీటర్ల మురుగును ట్యాంకర్లలో జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలని ఉందనుకోండి. పది కిలోలీటర్ల ట్యాంకరైతే రోజుకు ఐదు. గేటు కనిపించే టీ కొట్టు దగ్గర వారం రోజులు, మూడు షిఫ్టులూ, ఎన్ని ట్యాంకర్లు బయటికెళ్లాయో నంబర్లతో రాయండి. 35 వెళ్లాల్సిన చోట 12 వెళ్తే మిగతా 230 కిలోలీటర్లు ఎటు పోయాయన్నది పీసీబీ అడగాల్సిన ప్రశ్న.

బయటికి చుక్క వదలం, అంతా లోపలే ఆవిరి చేస్తాం అనే ఫ్యాక్టరీకి ఉప్పు లెక్క వేయండి. మురుగులో టీడీఎస్ 40,000 ఉంటే ఒక్కో కిలోలీటరు ఆవిరయ్యాక 40 కిలోల ఉప్పు మిగులుతుంది. 50 కిలోలీటర్లకు రోజుకు రెండు టన్నులు. నీళ్లు ఆవిరైపోయినా ఉప్పు ఆవిరి కాదు, అది దుండిగల్ వ్యర్థాల కేంద్రానికి లారీల్లో వెళ్లాలి, ప్రతి లారీకి ఫారం 10 (వ్యర్థాల రవాణా పత్రం) ఉండాలి. నెలకు 60 టన్నుల ఉప్పు రావాల్సిన చోట కాగితాల్లో 8 టన్నులుంటే, ఆ ఆవిరి యంత్రం నడవడం లేదన్నట్టే.

ఇళ్లలో ఏం మారిందో రాయడం

నీటి అంకెలు ఎంత గట్టివైనా, ఆ నీటితో ఎవరి బతుకు ఎలా మారిందో లేకపోతే నష్టపరిహారం మాట రాదు. ప్రతి ఐదో ఇంటికి వెళ్లి కనీసం 60 ఇళ్లు రాయండి. అలాగే ఫ్యాక్టరీలకు దూరంగా, అదే స్థితిగతులున్న ఇంకో బస్తీలో 60 ఇళ్లు. అడగాల్సినవి లెక్కకు వచ్చేవి: వారానికి 20 లీటర్ల క్యాన్లు ఎన్ని కొంటారు, ఎంతవుతుంది; ఎప్పటి నుంచి కొంటున్నారు; బోరు ఎప్పుడు మానేశారు; బర్రెలు ఎన్ని ఉండేవి, ఇప్పుడెన్ని; వరి ఏ ఏడాది ఆపేశారు; చెరువులో చేపలు పట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఇప్పుడు ఏ పని చేస్తున్నారు; భూమి పోయినవాళ్ల ఇంట్లో ఎవరికి ఫ్యాక్టరీలో పని దొరికింది, పర్మినెంటా, కాంట్రాక్టా.

‘ఫ్యాక్టరీ వల్ల మీకు దగ్గు వస్తోందా?’ అని అడిగితే జవాబు మీరే నోటికి అందించినట్టు. ‘గత 30 రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఏ ఇబ్బందికైనా డాక్టరు దగ్గరికి వెళ్లారా?’ అని అడిగి చీటీ చూపించమనండి. క్యాన్సర్ కేసులు లెక్కపెట్టి ఫ్యాక్టరీకి అంటగట్టకండి. అరవై ఇళ్లతో అది తేలదు, ఎదుటివాళ్లు దాన్నొక్కదాన్నే పట్టుకుని మిగతా సర్వేనంతా కొట్టేస్తారు.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. ఫిర్యాదు చేసే ఇంట్లోనే కొడుకో అల్లుడో ఆ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తుంటాడు. పేర్లు ఒక పుస్తకంలో, జవాబులు నంబర్లతో ఇంకో పుస్తకంలో పెట్టండి. మొదటి పుస్తకం ఎవరికీ ఇవ్వకండి. ఒక్క మనిషి పని పోతే ఆ తర్వాత ఆ వాడలో ఎవరూ తలుపు తీయరు.

రాత్రి వాసనలు

వాసన సీసాలో పట్టుబడదు, అందుకే దినచర్య రాయాలి: మొదలైన టైము, ఆగిన టైము, గాలి ఎటునుంచి (అగరుబత్తి పొగ చాలు), ఎలాంటి వాసన, సున్నా నుంచి ఐదులో ఎంత ఘాటు. వేర్వేరు వీధుల్లో నలుగురు విడివిడిగా రాయాలి. రెండు వారాల్లో ఒక వరుస కనిపిస్తుంది. చలికాలంలో తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలి పైకి లేవదు, కాబట్టి కొంచెం వదిలినా కాలనీ అంతా కమ్ముకుంటుంది. వాసన వస్తున్నప్పుడే ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తెల్లారాక చేస్తే వచ్చినవాళ్లకు ఏమీ దొరకదు.

ఫిర్యాదు

పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలోని పర్యావరణ ఇంజినీరుకు రాయండి, మెంబర్ సెక్రటరీకి, కలెక్టరుకు నకళ్లు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇస్తే రశీదు వస్తుంది. రెండు పేజీలు దాటొద్దు. ఫలానా కంపెనీ విషం వదులుతోందని రాయకండి. ‘ఫలానా గోడ పక్క నాలాలో, మంగళ, శుక్రవారాల్లో రాత్రి 11 నుంచి 2 మధ్య రంగు నీళ్లు వస్తున్నాయి, ఎగువన సీఓడీ ఇంత, దిగువన ఇంత’ అని రాయండి. కంపెనీ పేరు తేల్చడం అధికారుల పని. మీరు ముందే రాస్తే పరువు నష్టం నోటీసు వస్తుంది, మీ శక్తి అటు పోతుంది.

అడగాల్సినవి విడివిడిగా పెట్టండి: ఆ వేళల్లోనే 21వ సెక్షన్ కింద నమూనా పట్టాలి, మా ప్రతినిధి ఎదుట ఉమ్మడి తనిఖీ జరగాలి, సీఎఫ్‌ఓ నీటి లెక్కతో ట్యాంకర్ల లెక్క సరిచూడాలి, తనిఖీ నివేదిక నకలు ఇవ్వాలి. ముందుగా చెప్పి వచ్చే తనిఖీకి ఫ్యాక్టరీ కడిగిన గిన్నెలా ఉంటుంది, అందుకే వేళ ముఖ్యం.

కదలిక లేకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెన్నై బెంచి ఉంది. లాయరు లేకుండా మీరే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. పరిహారం అడిగితే ఆ మొత్తంలో ఒక శాతం. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు మినహాయింపు. గడువు దగ్గరే చాలామంది ఓడిపోతారు. కాలుష్యం ఆపమని అడిగే దరఖాస్తుకు కారణం మొదలైన రోజు నుంచి ఆరు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. పరిహారానికి ఐదేళ్లు. పీసీబీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఎనిమిది నెలలు గడిపేస్తే మొదటి దారి మూసుకుపోయినట్టే. అందుకని ఫిర్యాదు ఇచ్చిన రోజే క్యాలెండరులో ఐదో నెల మీద గుర్తు పెట్టుకోండి.

పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో మొదలైన కేసు హైకోర్టు మీదుగా ఎన్‌జీటీకి చేరి 2017లో తీర్పుకొచ్చింది. అన్నేళ్లలో బోర్లు మారతాయి, సాక్షులు పోతారు, కార్యకర్తలు వేరే ఊళ్లకు వెళ్తారు. కాబట్టి ఒరిజినల్ రిపోర్టులు, పంచనామాలు, ఫొటోల నకళ్లు కనీసం మూడు ఇళ్లలో ఉంచండి. పీసీబీ నమూనా పట్టిన రోజే, అదే చోట, అదే గంటలో మీ సీసా కూడా నింపి సీలు వేయండి. రెండు ఫలితాల మధ్య తేడా వస్తే చూపడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే.